అమ్మ ఫోనులో అక్షరాలు

రెండువేల సంవత్సరం తర్వాతి ఆ తొలి ఏళ్ళలో ఫోన్లకు తెలుగు వచ్చేది కాదు. మా అమ్మకేమో ఆదివారం ప్రార్థనలో పాట ఎత్తుకోవడమంటే ప్రాణం. బెంగళూరు బొమ్మనహళ్ళిలోని మా చిన్న చర్చిలో మొదటి గొంతు ఆమెదే. కీర్తనల పుస్తకంలో అక్షరాలు ఆనడం లేదంటే, ఒక్కో పాటనూ బొమ్మగా మార్చి ఆమె ఫోనులో పెట్టాను. నా ఉద్యోగమూ అదే, ఫోన్లకు ప్రోగ్రాములు రాయడం. ప్రతి శనివారం మర్నాటి పాట తెర మీదికి తెచ్చి చేతికిచ్చేవాణ్ణి.

కొత్త ఫోను కొన్నాక అక్షరాలు చిన్నవైపోయాయంది. కళ్ళద్దాలు మార్పిద్దామంటే మాట దాటేసింది. నేనూ రెట్టించలేదు, కారణం నాకు తెలుసనుకున్నాను. తెర మీద బొమ్మను కూర్చే చుక్కలు, అదే పిక్సెళ్ళు, ఎన్ని ఉన్నాయో ప్రోగ్రాము అడిగితే ఫోను చెప్పేది. అవి ఎంత ఒత్తుగా ఉన్నాయో మాత్రం చచ్చినా చెప్పేది కాదు. పాత తెర మీద గోరంత ఉన్న అక్షరం కొత్తదాని మీద ఆవగింజంత అయ్యేది. ఆఫీసులో ఈ గొడవతో రోజూ తల బొప్పి కట్టేది. చివరికి ఒక్కో మోడల్ తెర మీద స్కేలు పెట్టి మేమే కొలుచుకునేవాళ్ళం. దిక్కుమాలిన ఫోను అని ఇంట్లోనూ తిట్టుకున్నాను.

అమ్మ నర్సు. కళ్ళు పోతే ఉద్యోగం పోతుంది. అంతకంటే ముందు ఏ రోగికో ప్రాణం మీదికి వస్తుంది. ఆ భయం దగ్గరికి రాకుండా ఉండాలనే ఫోను మీద అంత కోపం తెచ్చుకున్నానేమో.

ఒక శనివారం సాయంత్రం కొలతలు సరిచేసి, ఇప్పుడు చూడమన్నాను. అమ్మ ఫోనును ముఖానికి దగ్గరగా పట్టుకుని రాగం తీసింది. ఒక్క తప్పు లేకుండా చరణాలన్నీ పాడింది.

"ఇప్పుడు బాగుండాదప్పా. అంతా కనపడతా ఉండాది," అంది.

హమ్మయ్య అనుకుంటూ ఫోను తీసుకున్నాను. తెర మీద పాట లేదు. సైజు చూసుకోవడానికి నేను పెట్టుకున్న పరీక్ష పేజీ అలాగే ఉంది, వరసలు వరసలుగా ఒక్క 'అ' అక్షరమే. మర్నాటి పాట నేనింకా తెరవనే లేదు.

కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. అమ్మ అప్పటికే యూనిఫాం ఇస్త్రీ చేసుకోవడానికి లేచింది.

"రేపు ప్రార్థన అయినాక డ్యూటీ ఉండాదామ్మా?" అన్నాను.

"ఉండాది. ఇంజెక్షన్లు నేనే వేయాల," అంది.