నేతి కారులో చంద్రపూర్ నుంచి కోర్పనాకు

ఎద్దుల్ని పూజించే పొలాల పండుగనాడు పొద్దున ఆరున్నరకు కోర్పనాలో చంద్రపూర్ బస్సెక్కాం, నేనూ మా అక్క మొగుడు పోశెట్టి బావా. బావ ఒళ్లో నెయ్యి డబ్బా. పండుగ ముందురోజు ఎద్దుల భుజాలకు నెయ్యీ పసుపూ మర్దన చేసి, "రేపు భోజనానికి రండి" అని పిలవడం మా కోర్పనా వైపు ఆచారం. మిగిలిన నెయ్యిని బావ వదల్లేదు.

విదేశీ సరుకు దేశంలోకి దిగుతున్న కాలం. బావకు ఎద్దులు పాతబడ్డాయి. చంద్రపూర్‌లో ఒక పాత ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. పండుగ సాయంత్రం ఎద్దులు నిలబడే తోరణం కింద దాన్ని నిలబెడతానని, లేకపోతే సగం మీసం గీయించుకుంటానని ఊరందరి ముందూ అనేశాడు.

పక్కసీటు ముసలాయన వాసన పీల్చి, "పెండ్లి ఎవరిది బిడ్డా?" అన్నాడు.

"కారుది," అన్నాను.

ఆయన తలూపి, పిల్లది ఏ ఊరని అడిగాడు.

బస్టాండు ముందు ఎర్రటి కారం పులుసు, తర్రీ పోసిన అటుకులు తిని, తొమ్మిదింటికి కారు ఉన్న బాబుపేట్ గ్యారేజీకి చేరాం. మెకానిక్ సలీం భాయ్ ముందు చక్రాన్ని పూర్తిగా ఒక పక్కకు తిప్పి, మమ్మల్ని కిందికి దూరమన్నాడు. యాక్సిల్ జాయింటు మీద హార్మోనియం మడతల్లాంటి రబ్బరు బూటు ఉంటుంది. మడతల్ని వేళ్లతో విప్పి చూడాలి. చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మి ఉంటే బూటు చిరిగినట్టే. మాది ఎంత చిరిగిందంటే, అందులోంచి నాకు బాబుపేట్ మొత్తం కనబడింది.

"గ్రీజంత పోయింది సేఠ్. కొత్త బూటు నాగ్‌పూర్ నుంచి రావాలె. ఇయ్యాల దుకాణాలు బంద్."

బావ మీసం తడుముకున్నాడు. "ఇది బండికి భుజమే గద భాయ్?"

"భుజమే అనుకోండ్రి."

"అయితె నెయ్యి పెట్టు."

"అరే, ఇది కారు సేఠ్, బైల్ కాదు!"

"ఎద్దయితె గిట్ల ఎదురు మాట్లాడకపోవు. పెట్టు."

సలీం భాయ్ ఆకాశానికి చేతులెత్తి, జాయింటు నిండా నెయ్యి కూరి, సైకిలు ట్యూబు చుట్టాడు.

పదకొండింటికి బయల్దేరాం. బల్లార్‌పూర్ దాటేసరికి నెయ్యి కాగింది. బామ్ని దగ్గర మా వెనక ఎన్ని కుక్కలంటే, ఎదురొచ్చిన లారీవాడు దేవుడి ఊరేగింపనుకుని పక్కకు ఆపి దండం పెట్టాడు. రాజూరాలో చాయకూ ఆగలేదు, ఆగితే కుక్కలు చక్రాలు నాకేస్తాయి. మలుపు తిరిగినప్పుడల్లా ముందు చక్రం కటకటలాడింది, అందుకని దారంతా సైకిలు వేగం దాటలేదు.

నాలుగింటికి ఊరి పొలిమేరలో ఠక్‌మని కారు ఆగిపోయింది. ఎదురుగా తోరణం కనబడుతోంది. ఎద్దుల్ని కట్టి లాగిద్దామంటే అక్క అడ్డం నిలబడింది.

"ఇయ్యాల ఎద్దు మెడ మీద కాడి పెడితె ఊకోను. మీకు భుజాలు లేవా ఏంది?"

కారుకు కాడి కట్టి లాగాం. కాడికి ఎడమవైపు నేను. కుడివైపు, కత్తి నూరుకుని అప్పటిదాకా ఎదురుచూసిన మంగలి రాజన్న. గజ్జెలు, పూసలు కట్టుకున్న ఎద్దులు రెండు వరసల్లో నిలబడి తీరిగ్గా మమ్మల్ని చూశాయి. బావ లోపల కూర్చుని హారన్ కొడుతూనే ఉన్నాడు. పొద్దు గుంకకముందే కారు తోరణం కింద నిలిచింది. మీసం మిగిలింది. ఒక కోడె వచ్చి ముందు చక్రం నాకింది.

బస్సులో వెళ్లి, కారులో తిరిగొచ్చి, చివరి ఫర్లాంగు కాడి కింద నడిచిన ప్రయాణం నాకిదొక్కటే. చంద్రపూర్‌లో పాత కారు కొనబోయేవాళ్లు ముందు ఆ రబ్బరు బూట్లు చూసుకోండి.

ఇంటికొచ్చాక అక్క డబ్బా అడుగున మిగిలిన నెయ్యి నా భుజాలకు మర్దన చేసింది.

"రేపు భోజనానికి రా," అంది.