నేను పాడుకున్న కోనాం

ఇప్పుడంటే ఎవరేమడిగినా ఆచితూచి మాట్లాడుతున్నాను గానీ, ఆ రోజుల్లో నా నోరు నాకంటే రెండడుగులు ముందు నడిచేది. అప్పుడే డిగ్రీ ముగించి, సముద్రం పక్క ఊళ్ళో ఒక ప్రైవేటు బడిలో లెక్కల మాస్టారుగా చేరాను. జీతం ఏడువేలు (అదీ ఇచ్చిన నెలలో). కరస్పాండెంటుగారికి మేడ మీద మేడ కట్టే పిచ్చి. అందుకే చాటుగా ఆయన్ని ‘శ్లాబు బాబు’ అనేవాళ్ళం. ఒక శనివారం తల్లిదండ్రుల్ని పిలిచి, పైగదులకి ఇంటికి రెండువేలు చందా అన్నారాయన. ఇష్టమైతేనే అంటూనే, అక్కడికక్కడ ఇవ్వనివాళ్ళ పేర్లు మైకులో చదవమని నా చేతికి కాగితమిచ్చారు.

వారం రోజులుగా గాలివానకి పడవలు కదల్లేదు, ఆ పొద్దున్నే మళ్ళీ వేటకెళ్ళొచ్చాయి. ఎవరి దగ్గర ఉంటాయి రెండువేలు? నేను చదువుతుంటే ఒక్కొక్కరూ తల దించుకుంటున్నారు. ఎనిమిదో పేరు ఒడ్డున చేపల వేలం పాడించే ఆవిడది. మా క్లాసు పిల్ల తల్లి. గంపతో లేచి తిన్నగా నా దగ్గరికొచ్చింది.

“ఏటి మాస్టారూ, పేర్లు సదివి పరువు తీస్తన్నారు. నా సేతిలో రూపాయి నేదు, ఈ కోనాం ఉన్నాది. పాట పెడతాను. ఎంతొస్తే అంత, మీరు సదివినోళ్ళందరి పేరు మీదా రాసుకోండి.”

గంపలోంచి చెయ్యంత పొడుగు చేప తీసి బల్లమీద పెట్టింది. చందా కట్టినవాళ్ళు ఐదొందలతో మొదలుపెట్టిన పాట చూస్తుండగానే వెయ్యి దాటింది. దించుకున్న తలలన్నీ లేచాయి, వెనకవాళ్ళు బెంచీలెక్కారు, శ్లాబు బాబు కూడా పంతానికి పోయి రెండువేలన్నారు. ఎవరిదో గొంతు మైకులో మూడున్నరవేలంది. చూస్తే నాదే! (మాది శ్రీకూర్మంలో గుడి సేవ చేసుకునే కుటుంబం. వీధిలో చేపల గంప కేక వినబడితే మా అమ్మ తలుపులేసేది.) మూడోసారి అనేసి ఆవిడ చేపని నా చేతుల్లో పెట్టింది. అంతమంది ముందు శ్లాబు బాబు ఆ పేర్లన్నీ కొట్టేయక తప్పలేదు.

చేపని తోకపట్టి దూరంగా వేలాడదీసిన నన్ను చూసి ఆవిడే జాలిపడింది. “తినని సేపకి ఇంత ఆత్రమేటి బాబూ” అంటూ తీసుకెళ్ళి, సాయంత్రానికి పులుసు పెట్టి పిల్లలందరికీ వడ్డించింది. నేను ఆవకాయన్నం తిన్నాను. పాట డబ్బు పోను ఆ నెల సగం జీతమే వచ్చింది. ఎందుకని అమ్మ అడిగితే నిజం చెప్పడానికి మూడు రోజులు పట్టింది.

ఇప్పుడు మా పాప బడివాళ్ళు ‘స్వచ్ఛంద విరాళం’ అని ఫోనుకి మెసేజి పెడుతుంటారు. ఇవ్వకపోతే ఏమవుతుందని మా ఆవిడ అడిగితే, పాపని చిన్నచూపు చూస్తారేమోనని గొణుగుతాను. మైకులో మూడున్నరవేలన్న ఆ కుర్రాడైతే ఏం చేసేవాడో అనుకుని, నాలో నేను నవ్వుకుని, డబ్బు కట్టేస్తాను.