మిస్ డొరోతి చదివిన దస్తావేజు

మొన్న వాన వెలిశాక పెరటి తలుపు తీయగానే తడిసిన ఎర్రమట్టి వాసన గుప్పుమంది. ఉత్తర జార్జియా మట్టిలో ఇనుము, పైన్ ఆకులు కలిసిన వాసన ఉంటుంది. అది తగిలితే చాలు, నాకు మిస్ డొరోతి పికప్ ట్రక్కులో కూర్చున్నట్టే ఉంటుంది. ఆవిడ పోయి రెండేళ్లయింది.

మా కౌంటీ, అంటే మన జిల్లాలాంటిది, అట్లాంటా శివారు అల్ఫారెట్టాకి ఉత్తరంగా గంట ప్రయాణం. దక్షిణపు కొసన మాలాంటి సాఫ్ట్‌వేర్ కుటుంబాల కొత్త ఇళ్లు. ఆ పైనంతా ఆవులు మేసే బయళ్లు, కోళ్ల ఫారాలు, చిన్న చిన్న చర్చిలు. మిస్ డొరోతి ఆ కౌంటీకి క్లర్కు. క్లర్కు అంటే గుమాస్తా కాదు, జనం ఓటేసి ఎన్నుకునే పదవి. భూముల దస్తావేజులన్నీ ఆవిడ అధీనంలో ఉండేవి. ఆ పాత పుస్తకాలను స్కాన్ చేసే పని మా కంపెనీకి వచ్చినప్పుడు నన్ను అక్కడికి పంపారు. మొదటిరోజే ఆవిడ నన్ను కోర్టు భవనం కింది గదికి తీసుకెళ్లి, ఒక పెద్ద పుస్తకం నా ముందు పెట్టింది.

“వీటిని కాగితాలనుకోకు. ప్రతి పేజీలోనూ ఎవరో ఒకరు ఏదో సంపాదించుకున్నారు, లేదా పోగొట్టుకున్నారు. నెమ్మదిగా తిప్పు” అంది.

హద్దులు “తెల్ల ఓక్ చెట్టు నుంచి వాగు మలుపు దాకా” అని రాసి ఉండేవి. నాకు అర్థంకాక అడిగితే, భోజనాల వేళ ట్రక్కులో తీసుకెళ్లి ఆ వాగు మలుపు చూపించేది. ఒక మనిషి ఇంత నేలను మనసులో పెట్టుకోగలదని నేనెన్నడూ ఊహించలేదు.

ఒకరోజు స్కాన్ చేస్తుంటే ఒక దస్తావేజు చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. బానిసత్వం పోయాక పొలం కొనుక్కున్న ఒక నల్లజాతి రైతు, ముసలితనంలో దాన్ని అమ్ముతూ, తమవాళ్ల సమాధులున్న అరెకరం మాత్రం ఎప్పటికీ విడిగా ఉంచాలని రాయించాడు. ఆ అరెకరాన్ని ఇప్పటి మ్యాపు మీద పెట్టి చూశాను. కౌంటీ పాలన చూసే కమిషన్ వేయబోతున్న కొత్త రోడ్డు సరిగ్గా దాని మీదుగానే పోతోంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం వెళ్లాం. పైన్ చెట్ల కింద నీలిపూల తీగ పరుచుకుని ఉంది. మధ్యమధ్య పేర్లు లేని రాళ్లు. “నేల కుంగినచోట అడుగు వేయకు, కింద సమాధులుంటాయి” అంది మిస్ డొరోతి. ఆ కుంగిన చోట్లను ఒక్కొక్కటే తల వంచి చూస్తూ అంతా తిరిగింది.

మంగళవారం సాయంత్రం కమిషన్ మీటింగు. అక్కడ నా మ్యాపు చూపించమని అడిగింది. ఇంట్లో చెబితే మావారు రవి కంగారుపడ్డాడు. “మనం హెచ్‌వన్‌బీ మీద ఉన్నాం. గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. ఈ లోకల్ పాలిటిక్స్‌లో ఎందుకు ఇన్వాల్వ్ అవుతావ్ చెప్పు?”

అదే ఆవిడతో అన్నాను. “నాకిక్కడ ఓటు కూడా లేదు.”

“అక్కడ పడుకున్నవాళ్లకీ లేదు. భయమైతే రావద్దు, నేనేమీ అనుకోను. నేను మాత్రం చదువుతాను.”

ఆ ఏడాదే ఆవిడకు ఎన్నికలు. రోడ్డు కావాలన్నవాళ్లంతా ఆవిడ ఓటర్లే.

ఆగలేక వెళ్లాను. హాలు నిండిపోయింది. “మిస్ డొరోతి, ఈ రోడ్డు కోసం జనం ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు” అన్నాడు ఛైర్మన్. ఆవిడ పుస్తకం తెరిచి, ఆ రైతు పేరుతో మొదలుపెట్టి చివరి వాక్యం దాకా చదివింది. వెనక వరసలో ఒక ముసలాయన టోపీ తీసి లేచి నిలబడ్డాడు.

“అది మా ముత్తాత పేరు. ఆయన్ని ఎక్కడ పాతిపెట్టారో తెలుసుకోకుండానే మా నాన్న కూడా పోయాడు.”

నేనెప్పుడు లేచానో, మ్యాపు పట్టుకుని ముందుకెలా నడిచానో నాకే తెలియదు. ఆ సాయంత్రం ఓటింగు వాయిదా పడింది. కొన్ని నెలలకు రోడ్డును పక్కకు మళ్లించారు.

మిస్ డొరోతి మాత్రం ఎన్నికల్లో ఓడిపోయింది. పదవి మారేలోగా ప్రతిరోజూ వచ్చి, గెలిచినాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ పుస్తకం అట్ట ఊడిందో, ఏ గదిలో చెమ్మ చేరుతుందో ఓపిగ్గా నేర్పింది. మీకు బాధగా లేదా అని అడిగాను.

“ఎందుకు లేదు? కానీ పుస్తకాలేం చేశాయి పాపం?” అంది.

ఆ మనిషిని అర్థం చేసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఇప్పటికీ నెలనెలా కమిషన్ మీటింగుకు వెళ్తాను. ఏ కల్వర్టు గురించో, చెత్త లారీల వేళల గురించో మాట్లాడుకుంటారు. వినేవాళ్లం నలుగురైదుగురం ఉంటాం. పోయిన నెల పక్క కుర్చీలో కొత్తగా వచ్చినావిడ “మీది ఎక్కడ?” అని అడిగింది. ఈ ప్రశ్నకు ఇన్నేళ్లూ ఇండియా అనే చెప్పేదాన్ని. ఆ రోజు ఆలోచించకుండానే, వాగు దాటాక ఎడమవైపు మూడో ఇల్లు అన్నాను.