నామం కింది ఎరుపు

నా ఉద్యోగంలో ఆఖరి పోస్టింగు చంద్రగిరిలో, మా ఇంటి మిద్దె మీద. రిటైరైన మరుసటి ఎండాకాలంలో పడింది. ఆర్డరిచ్చిన అధికారినీ నేనే, చార్జి తీసుకున్నదీ నేనే. అంతకుముందు తిరుపతిలో ఒక కార్ల షోరూము వర్క్‌షాపులో పెయింట్ సెక్షన్ ఫోర్‌మన్‌గా చేసినాను. సర్వీసులో సగం కాలం స్ప్రే గన్ను పట్టినాను, మిగతా సగం గన్ను పట్టినోళ్లను తిట్టినాను. పేరొచ్చింది రెండోదాంట్లోనే.

మా అల్లుడు మునిరత్నం తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. కాపురం మా వీధిలోనే, కానీ వారమంతా ఆడే ఉండి ఆదివారం వస్తాడు. అతని మోటారుసైకిలు మాత్రం ఏళ్ల తరబడి వాకిట్లో ఎండకు నిలబడుంటుంది. ఒకరోజు ఆవు ఒకటి వీపు గోక్కోవడానికి ఆ బండికి ఆనుకునింది. బండి పడి, కుడిపక్క ఫేరింగ్, అంటే ఇంజన్ను కప్పే ప్లాస్టిక్ తొడుగు, రాతికి గీసుకుపోయింది. మునిరత్నం దాన్ని తిరుపతిలో షెడ్డుకు తోలబోతే నాకు రోషమొచ్చింది. నేనుండగా మా అల్లుడి బండి ఇంకొకడి షెడ్డుకు పోతే ఊరు నవ్వదా అన్నాను. అతను కాసేపు తటపటాయించి తాళంచెవి ఇచ్చినాడు.

"మా నాయన పోయేముందు కొనిచ్చిన బండి మామా. రవంత జాగ్రత్త" అన్నాడు.

నాకే జాగ్రత్తలు చెప్తాడా అని లోపల నొచ్చుకున్నాను.

అది మామూలు ఎరుపు కాదు, మూడు పొరల మెటాలిక్. అడుగున వెండి రంగు, దాని మీద గాజు మాదిరి అడుగు కనిపించే ఎరుపు, అన్నిటికీ పైన మెరుపు కోసం క్లియర్. వెండి పొరను తడిగా కొడితే రేణువులు మునిగి నల్లబడుతుంది. ఎరుపు ఒక కోటు ఎక్కువైతే ముదురుతుంది, తక్కువైతే వెలవెలబోతుంది. అందుకే ముందు ఒక రేకు మీద ఒక కోటు, రెండు కోట్లు, మూడు కోట్లని పట్టీలుగా కొట్టి, బండి పక్కన పెట్టి, ఎండలోనూ నీడలోనూ, ఎదురుగానూ వారగానూ చూడాల. నేనూ పద్ధతి ప్రకారమే మిద్దె మీద నీళ్లు చల్లి దుమ్మణిచి, మాస్కు కట్టుకొని, అద్దె కంప్రెసరు పెట్టి, రేకు మీద పట్టీలు కొట్టినాను. పక్కన ఆరబోసిన వడియాలు ఎర్రగైపోయినాయి. మా ఆమె అన్న మాటలు ఇక్కడ రాసేవి కావు.

తీరా చూస్తే ఏ పట్టీ ట్యాంకు రంగుతో కలవలేదు. అన్నీ ముదురుగానే ఉన్నాయి. బండి ఎండకు వెలిసిందని ఒప్పుకొని, రంగు పలచన చేసుకోవాల్సింది. ఫోర్‌మన్ బుర్ర ఒప్పుకుంటుందా? తప్పు నా రంగుది కాదు, ట్యాంకుదే అని తేల్చినాను. పైనున్న క్లియర్ మబ్బేసింది, మెరుగుపెట్టే ముద్ద, అదే కాంపౌండ్, పెట్టి రుద్దితే అసలు రంగు దానంతటదే బయటపడుతుందని తీర్మానం. ఆ అసలు రంగు చూడాలంటే ఎండ తగలని చోటు కావాల. ట్యాంకు మీద పాత తిరునామం స్టిక్కరు ఒకటి, అంచులు లేచి కనిపించింది. మా తిరుపతి పక్కల నామం లేని బండి యాడుంటుంది? అలిపిరిలో ఎన్నంటే అన్ని దొరుకుతాయి, కొత్తది అంటిద్దాంలే అని గోటితో గీకి పారేసినాను. ముక్కలు ముక్కలుగా ఊడొచ్చింది.

దాని కింది ఎరుపు మూడో పట్టీతో అచ్చంగా కలిసింది. నా అంతటోడు లేడని పొంగిపోయి, అదే లెక్కన ఫేరింగ్ కొట్టినాను. ఆరినాక ట్యాంకు రుద్దడానికి కూర్చున్నాను. జబ్బలు పడిపోయినాయి. మెరుపొచ్చింది గానీ రంగు రాలేదు. వెలిసింది పైనున్న క్లియర్ కాదు, దాని కిందున్న ఎరుపు. దాన్ని ఎంత రుద్దినా తిరిగి రాదు. ఫేరింగేమో పెళ్లినాటి చీర, ట్యాంకేమో ఉతికి ఉతికి వెలిసిన చీర.

ఆదివారం మునిరత్నం వచ్చినాడు. నేరమంతా ఎండ మీదికి తోసే ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. అతను ఫేరింగ్ చూసి బాగుందన్నాడు. తరువాత చెయ్యి ట్యాంకు మీదికి పోయి ఆగింది.

"నామం యాడ మామా?"

జేబులో నుంచి కొత్త స్టిక్కరు తీసిచ్చినాను. తీసుకున్నాడు గానీ అంటించలేదు.

"అది మా నాయన అంటించినాడు. షోరూములో నుంచి నేరుగా అలిపిరికి పోయినాము. వంకరగా ఉండాదని నేను నవ్వినాను కూడా" అన్నాడు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వర్క్‌షాపులో బండికి చెయ్యి తగిలించేముందు జాబ్ కార్డు రాయాల. బండి మీద ఏమేమి ఉన్నాయో, ఏది తీయొచ్చో ఏది తీయకూడదో ఓనరును అడిగి సంతకం పెట్టించుకోవాల. అది మరిచినోళ్లను నేను దులిపేసేవాణ్ణి. ఇంట్లో మాత్రం ఒక ఫోను చేయడానికి నాకు పెద్దరికం అడ్డమొచ్చింది.

మాట మార్చడానికి, ట్యాంకు కూడా కొట్టేస్తాను, అంతా ఒకటే రంగైపోతుంది అన్నాను. మునిరత్నం బండిని ఎండలోకి తిప్పినాడు. వెలిసిన ఎరుపు మధ్య, స్టిక్కరు ఉన్నంత మేర ముదురు ఎరుపు అట్లే నిలిచింది. నామం ఆకారం, అదే వంకర.

"దీన్ని మాత్రం తాకొద్దు మామా" అన్నాడు.

ఆ బండి ఇప్పటికీ రెండు రంగులతో మా వీధిలోనే తిరుగుతోంది. ఇది ఎవరి పనితనం అని తెలిసినోళ్లు అడిగితే నాదే అని ఒప్పుకుంటాను. నేను కలిపిన రంగుకు ఆ బండి మీద కలిసేది ఆ వంకర నామం ఒక్కటే. రంగును బండితో కలపాల, మన పేరుప్రతిష్ఠలతో కాదు. ఏది ఊడబీకాలన్నా, అంటించిందెవరో ముందు అడగాల. సర్వీసంతా పనోళ్లకు నేను చెప్పిందీ ఇదే. నేర్చుకున్నది మాత్రం రిటైరైనాక.