అమ్మవారి తలమీద కొంగు

రోము టంకశాలలో నాణేల అచ్చులు చెక్కే ట్రోఫిమస్‌ది గ్రీకుల ఊరు స్మిర్నా. బానిసే గానీ, ఉలి పట్టుకుంటే మహారాజు. ఆ ఏడు కొత్త బంగారు నాణెం మీదికి భక్తికి దేవత అయిన పియెటాస్‌ను చెక్కమన్నారు. అచ్చు నచ్చితే బానిసత్వం నుంచి వదిలేస్తానని పనిపెద్ద విబియస్ అందరి ముందూ మాటిచ్చాడు. ఇంకేముంది, మనవాడికి తిండీ నిద్రా లేవు!

చెక్కాడు. పీఠం ముందు నిలబడి సాంబ్రాణి వేస్తున్న అమ్మవారు. జుట్టు పాయపాయా తేలింది. విబియస్ వచ్చి చూసేది ఆ సాయంత్రమే. మధ్యాహ్నం పెళ్లాం కైసియా రొట్టె, జున్ను తెస్తే, అచ్చును జున్నులో నొక్కి ఆమె ముందు పెట్టాడు.

"చూడవే ఆ జుట్టు!"

"చూశానయ్యా. కొంగేది?"

"కొంగేంటే?"

"తల కప్పుకోకుండా దేవుడికి సాంబ్రాణి వేసేవాళ్లని ఈ ఊళ్లో ఎక్కడన్నా చూశావా? మగాళ్లు కూడా కప్పుకుంటారు కదయ్యా!"

"మా ఊళ్లో..."

"మీ ఊళ్లో కొడుతున్నారా ఈ నాణెం?"

ట్రోఫిమస్ ఇన్నేళ్లుగా రోజూ చూస్తున్నదే. అయినా పాడు చెయ్యి చిన్నప్పుడు స్మిర్నా గుడిలో చూసిన కప్పుకోని తలనే చెక్కింది. తల పట్టుకుని కూలబడ్డాడు.

"ఏడుపు తర్వాత. ఇంకాస్త చెక్కితే కొంగు రాదా?"

ఎందుకు రాదు? అచ్చును లోతుగా తవ్వినకొద్దీ నాణెం మీద బొమ్మ పైకి లేస్తుంది. కానీ ఆ జుట్టు ఉన్నచోటే తవ్వాలి.

"జుట్టంతా పోతుందే!"

"పోనీ. నాకూ ఉంది జుట్టు, ఎవడు చూశాడు?" అంటూ కైసియా పైబట్ట తలమీదికి లాక్కుని, రొట్టెముక్క పట్టుకున్న చెయ్యి చాచి నిలబడింది. "ఊఁ, చూసి చెక్కు."

సాయంత్రం విబియస్ అచ్చును మైనంలో నొక్కి కళ్లు చికిలించాడు. కొంగులోంచి చెవి పక్కన ఒక పాయ బయటికొచ్చింది.

"ఇదేంట్రా?"

"అది ఎంత కప్పినా ఆగదు దొరా."

విబియస్ పకపకా నవ్వాడు. "మా ఇంట్లోనూ అంతేరా!"

విడుదలైనవాడికి ఆచారం ప్రకారం గుండు గీసి, ఉన్నిటోపీ పెట్టారు. టోపీ తడుముకుంటూ ట్రోఫిమస్ నడివీధిలో బావురుమన్నాడు.

"ఏంటయ్యా, జుట్టు పోయిందనా?" అని కైసియా వెక్కిరించింది, తన కళ్లు కొంగుతో తుడుచుకుంటూనే.