ఊరంతా తిన్న మందుపండ్లు

దుబాయి నుంచి అన్న పంపిన పొట్లంలో ఎండుద్రాక్షంత ఎర్రటి పండ్లున్నాయి. వాటిని గోజీ పండ్లంటారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పటికి మాకవి దుబాయి పండ్లు, అంతే. ఉత్తరానికి బదులు క్యాసెట్ వచ్చింది. అందులో అన్న గొంతు: "అవ్వా, మాతోని పనిజేసే చైనా ఆయన ఇచ్చిండు. రోజు పిడికెడు ఉడుకు నీళ్లల్ల నానబెట్టి, ఆ నీళ్లు తాగి పండ్లు నములు. నెత్తురు పడ్తదట. కండ్లకు గూడ మంచిదట. ఫికర్ జేయకు."

అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం. ఆమె ఒంట్లో రక్తం లేదు. వాకిలి ఊడ్చేసరికే గోడ పట్టుకుని నిలబడేది. కరీంనగర్ డాక్టరమ్మ రాసిన గోలీలు కడుపులో తిప్పుతున్నాయని సగం రోజులు మానేసేది. పండ్ల మాట వినగానే పూర్తిగా మానేసింది. నేను నాలుగు పండ్లు కాగితంలో చుట్టుకుని బస్సెక్కి వెళ్లి డాక్టరమ్మకు చూపించాను.

"బలమున్న పండ్లే, తిననియ్యి. గని నెత్తురు గింత తక్కువైనంక పండ్లతోని కాదు. గోలీలు బంద్ చేయొద్దని చెప్పు" అంది ఆమె.

చెప్పాను. "మరి నా కొడుకు ఉత్తగనే పంపిండా?" అంది అవ్వ. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే అయింది నా పని.

పోనీ, పండ్లైనా తింటుంది కదా అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే చూస్తే చేటలో పండ్లు పోసి కుప్పలు పెడుతోంది. మా ఊళ్లో దుబాయి సామాను ఏదొచ్చినా, సబ్బైనా ఖర్జూరమైనా, ఇంటింటికీ ఇంత పంచాల్సిందే. ఇది మందు కదవ్వా అని మొత్తుకున్నాను.

"నేనొక్కదాన్నే తింటే ఊరి కండ్లు వాని మీద పడ్తయి. గాడ గంతెత్తు మీద ఎక్కి పనిజేస్తుండు నా కొడుకు."

కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. చివరికి ఆ చేట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది నేనే. ఒకామె పాయసంలో వేసిందట. ఒక ముసలాయన చప్పగున్నాయని నా ముందే ఉమ్మేశాడు. అవ్వకు మిగిలినవి రెండు పిడికెళ్లు.

జవాబు క్యాసెట్ నింపే రోజు బటన్ నొక్కిందీ నేనే. "రోజు తింటున్న కొడుకా. పానం మంచిగైంది, ఉరుకుతున్న" అంటుండగానే ఆయాసమొచ్చి, ఆపమని చేయి ఊపింది. ఆపాను. ఊపిరి కుదిరాక మళ్లీ పెట్టమంది. ఉన్నమాట నేను చెబుతానన్నాను.

"చెప్పినవంటే నా మీద ఒట్టే" అంది. అవ్వ మీద ఒట్టు, అదీ అవ్వ అలా ఉన్నప్పుడు. నోరు మూసుకుని బటన్ నొక్కాను.

ఆ వానాకాలం దాటలేదు అవ్వ. కబురంది అన్న వచ్చేసరికి దినాలు కూడా అయిపోయాయి. గడపలో కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

"నేను అప్పుడే లీవు పెట్టిన చెల్లే, టికెట్ గూడ జూసిన. ఉరుకుతున్న అన్నది గద అవ్వ? గా క్యాసెట్ ఇన్నంకనే లీవు వాపస్ తీసుకున్న."

అప్పుడైనా చెప్పాల్సింది. మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను.