అయస్కాంతానికి అంటుకున్న తీగ

నేను చెప్పేదాంట్లో సగం నమ్మితే చాలని మా ఇంట్లోవాళ్లే అంటారు. బాగేపల్లి ఎండలో నా టూల్‌బాక్సులో మరిచిపోయిన కోడిగుడ్డు సాయంత్రానికి పిల్లయి, స్క్రూడ్రైవర్ల మీద కూర్చుని నన్ను కోపంగా చూసిందని నేను చాలామందికి చెప్పాను. అందులో ఎండ మాత్రం నిజం.

అబద్ధాలకోరునన్న ఈ పేరే చింతామణిలో ఒక రస్కుల బేకరీలో నా కొంప ముంచబోయింది. అక్కడి ఓవెన్‌కు థర్మోకపుల్సు, వాటి అంకెల్ని కంప్యూటర్‌కు ఎక్కించే డేటా లాగరు నేనే పెట్టాను. థర్మోకపుల్ అంటే రెండు వేర్వేరు లోహాల తీగలు. కొసలు కలిపి వేడి తగిలిస్తే పిసరంత కరెంటు పుడుతుంది. లాగరు దాన్ని కొలిచి, వేడి ఇంత అని చెబుతుంది.

కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత రస్కులు మాడడం మొదలైంది. మంట పెట్టేది కంప్యూటర్ అంకె చూసే; అందులో కావలసిన నూట ఎనభై డిగ్రీలే ఉంది. కాబట్టి తప్పు ఓవెన్ చూసుకునే మేస్త్రిదేనని ఓనరు తేల్చేశాడు. ఆ మేస్త్రి సగం జీవితం ఆ ఓవెన్ ముందే గడిపినవాడు. చిటికెడు మైదా లోపల చల్లి, అది ఎర్రబడే తీరు చూసి వేడి చెప్పేవాడు. నేను వెళ్లేసరికి బట్టల సంచి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఈరోజు యంత్రం మాటే నెగ్గితే తన ఊరు పాతపాళ్యకు పోయి శనక్కాయ పంట వేసుకుంటానన్నాడు.

"ఓవెను కాగిపోతాండాదప్పా. నా చేతికి తెలస్తాండాది. నీ పెట్టెకు ఎందుకు తెలీదో నువ్వే అడుగు," అన్నాడు నాతో.

పొద్దున్నే, ఓవెన్ వెలిగించకముందే పరీక్ష పెట్టాను. స్టవ్వు మీద నీళ్లు మరిగించి థర్మోకపుల్ కొస ముంచితే తొంభై ఏడు చూపించింది. సముద్రమట్టానికి బాగా ఎత్తున ఉన్న మా సీమలో నీళ్లు వందకు కాస్త ముందే మరుగుతాయి కాబట్టి అది సరైన అంకే. నా యంత్రం సరిగ్గానే ఉందని చెప్పాను. ఓనరు మేస్త్రి వైపు చూసి గెలిచినట్టు తలాడించాడు. ఎన్నడో గాని నిజం చెప్పని నేను ఒక నిజం చెబితే, అది వెళ్లి ఆ పెద్దమనిషి నెత్తిన పడింది.

ఓవెన్ కాగాక మేస్త్రి మైదా చల్లాడు. క్షణంలో బొగ్గయింది. కంప్యూటర్‌లో నూట ఎనభై. అప్పుడు నాకు అనుమానం వచ్చి తీగ పట్టుకుని వెనక్కి వెళ్లాను. ఓవెన్ గోడకు ఆనుకుని ఒక టేపు చుట్టిన అతుకు ఉంది. అక్కడి నుంచి లాగరు ఉన్న ఏసీ గది దాకా తళతళలాడే రాగి తీగ. అది నేను వేసింది కాదు.

ఎవరు మార్చారని అడిగితే గల్లాపెట్టె దగ్గరున్న ఓనరు తల్లి, అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, దగ్గింది. వాళ్లది తరాలుగా స్టీలు పాత్రల వ్యాపారం. ఆమె ఆకువక్కల సంచిలో ఎప్పుడూ ఒక అయస్కాంతం ఉంటుంది. అంటుకుంటే నకిలీ, అంటుకోకుంటే అసలు. చుట్టుపక్కల ఏ పెళ్లిసామానైనా ఆ పరీక్ష దాటాకే ఇంటికి చేరేది. ఆయుధపూజకు ఓవెన్ కడిగించిన రోజున నా తీగకూ ఆ పరీక్ష జరిగిందట.

"రెండిట్లో ఒకటి అంటుకున్నిందప్పా. సగానికి సగం మోసం. నలుగుర్లో నీ మర్యాద పోతాదని గమ్మునుండి, మంచి రాగి ఏపించినాను," అంది.

అంటుకున్నది కూడా అసలు తీగే అని చెప్పాను. అందులో ఎక్కువ భాగం నికెల్ అని, అదీ అయస్కాంతానికి అంటుకుంటుందని, కొస నుంచి లాగరు దాకా అవే రెండు లోహాలు ఉండాలని వివరించాను. మధ్యలో రాగి అతికితే ఆ అతుకు ఎంత కాగితే అంత లెక్క తగ్గిపోతుంది. పొద్దున అతుకు చల్లగా ఉంది కాబట్టి అంకె సరిగ్గా వచ్చింది. ఆమె పనివాళ్లనందరినీ పిలిచి మళ్లీ చెప్పమంది.

"గుడ్డు పిల్లైన కథ కంటే ఇది బాగుండాది," అంది.

మేస్త్రి ఒక్కడే నవ్వలేదు. "చూపించప్పా," అన్నాడు.

ఓవెన్‌లోంచి కొస బయటికి తీసి, పొద్దుటిలాగే మరుగుతున్న నీళ్లలో ముంచాను. ఓనరు గదిలోంచి అంకె చదివాడు: అరవై రెండు. మరుగుతున్న నీళ్లకు అరవై రెండు! నవ్వులు ఆగిపోయాయి. అతుకును గోడ నుంచి లాగి పట్టుకుని, పెద్దమ్మ చేతిలోని విసనకర్రతో దానికి విసరమన్నాను. ఆమె అనుమానంగానే విసిరింది. డెబ్బై అని వినిపించింది. ఆమె జోరు పెంచింది. ఎనభై. ఎనభై ఎనిమిది.

"గాలి ఇసిరితే వేడి పెరగతాండాదే!" అంది చెయ్యి ఆపకుండానే.

"నా మైదా అబద్ధం చెప్పలేదు గదమ్మా," అన్నాడు మేస్త్రి.

ఆమె విసనకర్ర దించి కొడుకును పిలిచింది. మేస్త్రికి టీ తెమ్మంది. పనివాడు కదలబోతే వద్దని, నువ్వే తేవాలని కొడుకుతో చెప్పింది. ఓనరు తెచ్చి రెండు చేతులా ఇచ్చాడు. మేస్త్రి టీ తాగి, సంచి తీసుకెళ్లి మళ్లీ మేకుకు తగిలించాడు.

మర్నాడు చిక్కబళ్లాపురం నుంచి అసలు తీగ చుట్ట తెచ్చాను. పెద్దమ్మ అయస్కాంతం తీసింది. ఒక తీగకు అంటుకుంది, తలాడించింది. రెండోదానికి అంటుకోలేదు, దానికీ తలాడించింది. తర్వాత అయస్కాంతాన్ని నా చొక్కా గుండీకి ఆనించి కాసేపు చూసింది.

"నీకు అంటుకోలేదప్పా. ఇప్పుడు నిన్ను అసలనాల్నా, నకిలీ అనాల్నా?"